నామోషీ బండి

మా అబ్బాయి ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు స్కూలు ఇంకా రెండు మలుపులుందనగా "నాన్నా, ఇక్కడ ఆపు, నడిచెళ్లిపోతాను" అన్నాడు. ఎందుకురా అంటే సమాధానం లేదు. బ్యాగు భుజాన వేసుకుని ఎటో చూస్తూ దిగిపోయాడు. సాయంత్రం వాళ్లమ్మ చెప్పింది సంగతి. క్లాసులో పిల్లలు వీణ్ణి "కిడ్నాపర్ కొడుకు" అంటున్నారట.

మాది తెల్ల మారుతీ ఓమ్ని. ఆ రోజుల్లో తెలుగు సినిమాలో హీరో చెల్లెల్ని ఎత్తుకుపోవాలంటే రౌడీలు వచ్చేది ఓమ్నిలోనే. పక్క తలుపు సర్రున జారుతుంది, రెండు చేతులు బయటికొస్తాయి, పిల్ల మాయం. మా ఇంట్లో అదే తలుపులోంచి మా అమ్మ "మెల్లగారా, కాలు పట్టేసింది" అంటూ దిగేది. ఈ సంగతి సినిమావాళ్లకి తెలియదు కదా.

నేను విశాఖ ఉక్కులో ట్రాఫిక్ డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యాను. ట్రాఫిక్ అంటే రోడ్డు మీద విజిల్ ఊదే పని అనుకునేరు. ప్లాంటు లోపలి రైలు పట్టాల పని. బ్లాస్ట్ ఫర్నేసులో కరిగిన ఇనుముని లేడిళ్లలో నింపుకుని, లోకోతో లాగించి, స్టీల్ మెల్ట్ షాపుకి చేర్చాలి. ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లు, తల్లుల పేర్లు పెట్టారు. లేడిలుకి మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. అదొక నల్లటి గంగాళం. అంచు చుట్టూ గట్టిపడ్డ ఇనుము పొక్కులు కట్టి ఉంటుంది. సి షిఫ్టులో, అర్ధరాత్రి దాటాక, అది పట్టాల మీద కదులుతుంటే లోపలి వెలుగు పైన పొగ మీద పడి ఎర్రగా ఊగుతుంది. ప్లాంటు చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఆ ఎరుపు చూసి అబ్బా అనేవారు. దాన్ని మోస్తున్న గంగాళం వంక చూసినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

ఓమ్నిని 1998లో సెకండ్ హ్యాండులో కొన్నాను. మారుతీవాళ్లు 800 కారు తర్వాత 1984లో తెచ్చిన వ్యాను అది. ఇంజను 800దే, 796 సీసీ. దాన్ని ముందు సీట్ల కింద పెట్టారు, అంటే వేసవిలో డ్రైవరు కుంపటి మీద కూర్చున్నట్టే. ముందు ఓనరు వెనక సీట్లు ఎదురెదురుగా వేయించుకున్నాడు. నేను దాన్నే ఎంచుకోవడానికి కారణం లెక్క. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, భర్త పోయాక మా దగ్గరికే వచ్చేసిన అప్ప, అప్ప కొడుకు. ఎనిమిది మంది. అప్పట్లో ఉక్కునగరంలో నా తోటివాళ్లు లోను పెట్టి జెన్ కొన్నారు, ఆ ఏడాదే వచ్చిన సాంట్రో కొన్నారు. వాటిలో మావాళ్లని ఎక్కించాలంటే రెండు ట్రిప్పులు వెయ్యాలి.

పూజకి ఆశీలుమెట్ట సంపత్ వినాయగర్ గుడికి తీసుకెళ్లాం. వైజాగులో కొత్త బండి కొన్నవాడు ఆ గుడి ముందు ఆగకుండా ముందుకెళ్లడు. మా ముందు ఒక కొత్త కారు, సీట్లకి ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు, బానెట్టు మీద ఇంత బంతిపూల దండ. మా వంతు వచ్చింది. స్లైడింగ్ తలుపు కింద సొట్ట, వెనకద్దం మీద పాత ఓనరు అంటించిన స్టిక్కరు సగం చిరిగి ఉంది. నాకు మొహమాటంగా ఉండి "సెకండ్ హ్యాండు బండండీ పంతులుగారూ, పూజ చేస్తారా?" అన్నాను. ఆయన నిమ్మకాయలు నాలుగు టైర్ల కింద పెట్టుకుంటూనే "మీకు కొత్తదే కదండీ" అన్నాడు. టైర్లు నిమ్మకాయల్ని తొక్కుతూ ముందుకి కదిలితే అమ్మ లోపల కూర్చునే దణ్ణం పెట్టుకుంది.

ఆ రోజు క్యూలో నిలబడి ఉన్నప్పుడే నాకొక సంగతి తోచింది. మనం లక్షలు పోసి కొన్న కారుని తెచ్చి ఎవరి ముందు పెడుతున్నాం? ఎలుక మీద తిరిగే దేవుడి ముందు. అంత బొజ్జ, ఇంత ఎలుక. శివుడికి ఎద్దు, యముడికి దున్నపోతు, శనికి కాకి. గుర్రాన్నీ ఏనుగునీ ఎక్కే దేవుళ్లు లేకపోలేదు, కానీ పొద్దున్న లేస్తే మనం తలుచుకునేవాళ్లలో చాలామంది దర్జాలేని వాహనాల మీదే ఉన్నారు. వాళ్లకి లేని నామోషీ మనకెక్కణ్ణుంచి వచ్చింది? ఇది నన్ను చాలాకాలం పట్టి పీడించిన ప్రశ్న. పెద్ద వేదాంత ప్రశ్నేం కాదు. కానీ తీగ లాగిన కొద్దీ డొంక వేదాంతం వైపే కదిలింది.

ముందు అమ్మ బండెక్కే తీరు చెప్పాలి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కారులో కూర్చోవాలంటే నూతిలోకి దిగినట్టుండేది, సుమో ఎక్కాలంటే అటక ఎక్కినట్టు. ఓమ్ని నేల సరిగ్గా శ్రీకాకుళం దగ్గర మా ఊరి ఇంటి అరుగంత ఎత్తు. ఎడమ తలుపుకి ఒక కిటుకు ఉండేది, కొంచెం పైకెత్తి లాగితేనే జారేది. నేను లాగేవాణ్ణి. అమ్మ బండికి వీపు పెట్టి నిలబడి, చేత్తో వెనక తడుముకుని, నేల అంచున కూర్చునేది. కాసేపు అలాగే కాళ్లు బయట వేలాడేసుకుని ఊపిరి తీసుకునేది. ఆ కాసేపట్లో దారిన పోయేవాళ్లతో ఒక కబురు కూడా అయిపోయేది. తర్వాత ఒక కాలు, ఇంకో కాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, సీటు పట్టుకుని లేచి కూర్చునేది. మొత్తం మూడు నిమిషాలు. కంపెనీవాళ్లు ఆ తలుపు ఏం ఆలోచించి పెట్టారో నాకు తెలీదు గానీ మా అమ్మ మోకాళ్లు చూసి పెట్టినట్టే ఉండేది.

"ఏటిరా, కారంటే ఇదేనా, మన ఊరి అరుక్కి చక్రాలెట్టినట్టుంది" అంది మొదటిరోజు. తిట్టిందో మెచ్చుకుందో అర్థం కాలేదు. తర్వాత తర్వాత అదే నిజమనిపించింది. కారులో వెనకవాళ్లు ముందువాళ్ల మెడలు చూస్తారు. ఎదురెదురు సీట్ల మా బండిలో ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. కూర్మన్నపాలెం నుంచి అన్నవరం దాకా అప్ప చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూనే ఉండేది, నాన్న ఆ గిన్నెలో చెయ్యి పెట్టి తానూ తీసేవాడు. బండి దిగేసరికి కూరకి తయారు.

మరి ఇంత సుఖమైన దాంట్లో నామోషీ ఏమిటి? కొడుకుని అనడం ఎందుకు, నాకూ ఉండేది. క్లబ్బులో పెళ్లి రిసెప్షనుకి వెళితే బండిని లైట్లు పడని మూల పెట్టేవాణ్ణి. చాలా ఏళ్లు అది బండి ఆకారం వల్లే అనుకున్నాను. రొట్టె ముక్కలా ఉంటుంది, మూతి లేదు, నడుము లేదు. కానీ ఆకారమే కారణమైతే అంబాసిడర్ ఏమంత అందగత్తె? దాంట్లోంచి దిగితే కలెక్టరు వచ్చాడని లేచి నిలబడేవారే.

నాకు తట్టింది ఏమిటంటే, కారు వీధిలోకి వస్తే నడిపేవాడి గురించి చెబుతుంది. వ్యాను వస్తే వాడి వెనకున్నవాళ్ల గురించి చెబుతుంది. ఈ ఇంట్లో ముసలివాళ్లున్నారు, మొగుడు పోయిన ఆడపడుచుంది, మేనల్లుడి ఫీజు కూడా ఇతనే కడుతున్నాడు, స్టీలు క్యారేజీలో పులిహోర కట్టుకుని బయల్దేరారు, దారిలో హోటలుకి పోరు. ఇదంతా బండి ఊరంతా చాటింపు వేస్తుంది. బాదరబందీ ఉన్నవాడని తెలిసిపోవడమే నామోషీ. పల్లకీకి దర్జా ఎందుకు? ఎనిమిదిమంది మోస్తే లోపల ఉండేది ఒక్కడు. మా బండిలో లెక్క తిరగబడింది.

అమెరికావాళ్ల కథా ఇలాంటిదే. క్రైస్లర్ కంపెనీ తొలి మినీవ్యాన్లు 1983 చివర్లో తయారయ్యాయి, అంటే ఇంచుమించు మన మారుతీ వ్యాను పుట్టిన కాలమే. జనం ఎగబడి కొన్నారు. తర్వాత అది పిల్లల్ని ఆటలకి దింపే తల్లుల బండి అని పేరు పడింది. ఆ తల్లుల పిల్లలే పెద్దయ్యాక దాన్ని ముట్టుకోం అని ఎత్తు బళ్లు, ఎస్‌యూవీలు కొన్నారు. తల్లి బండి అన్న పేరు బిరుదు కావలసింది పోయి నింద ఎలా అయిందో ఆలోచిస్తే నాకు నవ్వు రాదు. డాలస్ దగ్గర ఉంటున్న మావాడూ అలాంటి ఎత్తు బండే కొన్నాడు. మా ఆవిడ వెళ్లినప్పుడు దాన్ని ఎక్కడానికి ప్లాస్టిక్ స్టూలు ఒకటి డిక్కీలో పెట్టుకు తిరిగాడట. గుడికెళ్తే దేవుడి కంటే ముందు స్టూలు దిగేది అంది.

మా నాన్న రామాయణం చదివేవాడు. పారాయణకి కాదు, తీరికకి. బండి కొన్న కొత్తలో ఆయన దీనికి పుష్పకం అని పేరు పెట్టాడు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందనే మాట మన ఇళ్లలో అందరికీ తెలుసు. వేళాకోళానికే అన్నాడనుకున్నాను. ఒకసారి అన్నవరం దారిలో తుని దగ్గర టీకి ఆగినప్పుడు అసలు సంగతి చెప్పాడు. యుద్ధం అయ్యాక విభీషణుడు విమానం తెచ్చి నిలబెడితే రాముడు సీతతో, తమ్ముడితో ఎక్కాడు. బయల్దేరబోతుంటే వానరులూ విభీషణుడూ మేమూ వస్తాం, పట్టాభిషేకం చూస్తాం అన్నారు. సరే రమ్మన్నాడు. అందరూ ఎక్కారు. దారిలో కిష్కింధ వచ్చింది. అప్పుడు సీత అడిగింది, ఈ వానరుల భార్యల్ని, తారని కూడా తీసుకెళదామని. రాముడు బండి దించాడు. వాళ్లూ ముస్తాబై వచ్చి ఎక్కారు.

"పద్నాలుగేళ్ల తర్వాత ఇంటికెళ్తన్నాడురా. అవతల భరతుడు నిప్పుల్లోకి దూకేస్తానని కూకున్నాడు. ఆ తొందర్లో దారిలో ఆపి ఆడోళ్లని ఎక్కించుకున్నాడు. సీతమ్మ అడిగింది, ఈయన కాదన్లేదు" అన్నాడు నాన్న, టీ గ్లాసు బండి చక్రం పక్కన పెడుతూ.

తర్వాత నేను చూసుకున్నాను. సుందరకాండలో వాల్మీకి పుష్పకాన్ని రత్నాలతో, బంగారంతో తీరిగ్గా వర్ణించాడు, దర్జాకేం తక్కువ చెయ్యలేదు. కానీ మన ఇళ్లలో జనానికి ఆ సోకు గుర్తులేదు, చోటు గుర్తుంది. రావణుడు అన్న కుబేరుడి దగ్గర లాక్కున్నప్పుడూ అది అంతే పెద్దది. అప్పుడు దాంట్లో చోటుందని ఎవరూ చెప్పుకోలేదు. ఇంకో ముచ్చట, భరతుడి దగ్గరికి చేరాక రాముడు దాన్ని అట్టేపెట్టుకోలేదు, కుబేరుడి దగ్గరికి పొమ్మని పంపేశాడు.

వాహనం అన్న మాటకి మూలం వహ అనే ధాతువు, మొయ్యడం అని అర్థం. ప్రవాహం అందులోంచే వచ్చింది, వివాహమూ అందులోంచే వచ్చింది. పెళ్లి మంత్రాలు చదివే మా బంధువొకాయన ఈ మాట చెప్పి, గీత తొమ్మిదో అధ్యాయం ఇరవైరెండో శ్లోకం చూడు అన్నాడు. నన్నే నమ్ముకున్నవాళ్ల యోగక్షేమాల్ని నేనే మోస్తానంటాడు కృష్ణుడు అక్కడ. ఇస్తాననలేదు. దీనిమీద ఒక కథ ఉంది. ఒక పేద పండితుడు గీతకి వ్యాఖ్యానం రాస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయాడట. సాక్షాత్తూ దేవుడు కూలివాడిలా మొయ్యడమేమిటి, ఎవరిచేతో ఇప్పిస్తాడు గానీ అనుకుని, వహామి అన్న మాటని గీతలు పెట్టి కొట్టేసి, దదామి అని రాసి, భిక్షకి పోయాడు. ఇంటి దగ్గర భార్య ముందు ఒక కుర్రాడు బియ్యం, పప్పు బస్తాలు నెత్తిన పెట్టుకుని దిగాడు. వీపు మీద గీతలు, రక్తం. ఎవర్రా కొట్టారు అంటే మీ ఆయనే అన్నాడట.

చిన్నప్పుడు ఈ కథ విని దేవుడొచ్చాడని సంబరపడ్డాను. యాభై దాటాక మళ్లీ విన్నప్పుడు పండితుడి మీద జాలేసింది. ఆయన తప్పేమిటి? దేవుడికి దర్జా తగ్గకూడదనుకున్నాడు, అంతే. క్లబ్బు దగ్గర బండిని చీకట్లో పెట్టిన నేను ఆయనకి దగ్గరివాణ్ణే. ఇవ్వడంలో చెయ్యి పైన ఉంటుంది. మొయ్యడంలో బరువు పైన ఉంటుంది, మనిషి కింద ఉంటాడు. దానం చేసినవాడి పేరు శిలాఫలకం మీద పడుతుంది. తిరుమలలో గరుడ సేవకి లక్షలమంది గరుడుణ్ణీ స్వామినీ చూసి చేతులెత్తుతారు, ఆ బంగారు గరుడుడి కింద కర్రలు భుజాన వేసుకున్నవాళ్ల మొహాలు ఎవరికీ గుర్తుండవు.

ఇక్కడిదాకా వచ్చి నేను ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగలేదు. మోసేవాడు గొప్పవాడు అన్న మాట బుర్రకెక్కితే దానికీ ఒక మత్తుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. ఆ గాలి గురించి వైజాగువాళ్లకి చెప్పక్కర్లేదు, చెప్పినా మిగతావాళ్లకి అర్థం కాదు. మర్నాడు తలుపు తీస్తే ఉక్కునగరంలో చెట్టు నిలబడి ఉన్న వీధి లేదు. కరెంటు లేదు, ఫోను లేదు, నీళ్లు లేవు. పడిపోయిన తురాయి కొమ్మలు నరుక్కుంటూ దారి చేసుకుని, మధ్య సీట్లు పీకేసి, ఓమ్నిలో ఇరవై లీటర్ల టిన్నులు పేర్చి నీళ్లు మోశాను. పాలు మోశాను. ఒక ఇంట్లో కాలు విరిగిన పెద్దాయన్ని పరుపుతో సహా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఒకప్పుడు "ఏం గురూగారూ, ఎవర్ని ఎత్తుకెళ్తున్నారు?" అని నవ్విన పెద్దమనిషే ఖాళీ బిందె పట్టుకుని మా గేటు ముందు నిలబడ్డాడు. ఆయన కొత్త కారు మీద వేపచెట్టు పడి ఉంది. నేను నీళ్లు పోశాను. పోస్తూ మనసులో నవ్వుకున్నాను కూడా. అప్పుడు దాచుకున్నది ఇప్పుడెందుకు దాచాలి?

ఆ వారమంతా ఇంటికి రాగానే లెక్క చెప్పేవాణ్ణి. ఇవాళ ఇన్ని ట్రిప్పులు, ఇన్ని టిన్నులు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి పదహారేళ్ల లెక్కలు. అప్పని మోశాను, మేనల్లుణ్ణి మోశాను, సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున హనుమంతవాక దగ్గర వెనక డోరు ఎత్తి ఏటేటా ఎంతమందికి మజ్జిగ పోశాను. కొవ్వొత్తి వెలుగులో మా ఆవిడ ఉప్మా పెడుతూ అంది: "మోసింది బండి కదండీ. మీరు కూర్చునే ఉన్నారు."

నేను మాట్లాడలేదు. మాట్లాడ్డానికి ఏం మిగిలింది.

భాగవతం ఐదో స్కంధంలో జడభరతుడి కథ ఉంది. తెలుగులో ఆ స్కంధం పోతన రాసింది కాదు, గంగన రాశాడు, అందుకే కాబోలు గజేంద్ర మోక్షంలా మన నోళ్లలో నానలేదు. సింధు సౌవీర రాజు రహూగణుడు జ్ఞానం కోసం కపిల మహర్షి దగ్గరికి పల్లకీలో వెళుతున్నాడు. బోయీ ఒకడు తక్కువైతే దారిలో దొరికిన ఈ బలిసిన మౌనిని పట్టుకొచ్చి పల్లకీ కింద పెట్టారు. ఈయన చీమల్ని తొక్కకుండా చూసి చూసి అడుగేస్తాడు, పల్లకీ ఊగిపోతుంది. రాజు వెక్కిరించాడు, తర్వాత తిట్టాడు. అప్పుడు నోరు విప్పాడు జడభరతుడు. ఎవరు ఎవర్ని మోస్తున్నారయ్యా? నేల మీద పాదాలు, పాదాల మీద పిక్కలు, తొడలు, నడుము, ఛాతీ, భుజాలు. భుజాల మీద కర్ర. కర్రకి పల్లకీ. పల్లకీలో రాజు అని పేరున్న ఒక ఒళ్లు. ఇందులో నేనెక్కడున్నాను, నాకు బరువెక్కడిది?

ఈ కథని రాజుకి బుద్ధి చెప్పిన కథగానే అందరూ చెబుతారు. నాకు మాత్రం ఉప్మా తిన్న ఆ రాత్రి అది మోసేవాడికీ తగిలింది. పల్లకీలో కూర్చున్నవాడు నేను రాజుననుకోవడం ఎంత తప్పో, కింద ఉన్నవాడు నేను మోస్తున్నాననుకోవడం అంతే తప్పు. బండి చక్రాల మీద, చక్రాలు రోడ్డు మీద, రోడ్డు ఎవరో కంకర మోసి వేసింది. ఇంజను కింద కుంపటిలా కాలుతుంటే పైన కూర్చుని స్టీరింగు తిప్పినవాణ్ణి నేను. మా ఆవిడ భాగవతం చదవలేదు. చదివిన నాకు ఆ మాట తట్టలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, లేకపోతే ఇదంతా ఓమ్ని స్తోత్రమైపోతుంది. ఆ బండిలో డ్రైవరు మోకాళ్ల ముందు ఉండేది ఒక రేకు, ఒక హెడ్‌లైటు. ఇంజను ముందుండే కారులో గుద్దుకుంటే ముందు అది నలుగుతుంది. ఓమ్నిలో ముందు నలిగేది మనం. పోర్టు నుంచి వచ్చే ట్రైలర్లు, కాయిల్సు కట్టుకుని పోయే లారీల మధ్య, హైవే మీద ఎనిమిది ప్రాణాల్ని అలా తిప్పాను. భద్రతా నిబంధనలు గట్టిపడ్డాక 2019లో కంపెనీయే దాన్ని ఆపేసింది. ఆపడమే మంచిది. సాదా బండి పుణ్యం బండి అని, దర్జా బండి పాపం బండి అని నేను అనను. ముందు సీట్లో కూర్చున్న పిల్లల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నామోషీ పడవలసిన చోట పడలేదు, అక్కర్లేని చోట పడ్డాను.

నాన్న 2009లో వెళ్లిపోయాడు. అమ్మ 2015 ఎండాకాలంలో. అమ్మని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది కూడా అందులోనే. ఒక వైపు సీటు తీసేసి పడుకోబెట్టాం. ఎదురు సీట్లో అప్ప కూర్చుని దారిపొడుగునా అమ్మ పాదాలు పట్టుకుంది. అలవాటు కొద్దీ తలుపు నేనే ఎత్తి లాగాను. మూడు నిమిషాలు పట్టలేదు. లోపలినుంచి నలుగురు అందుకున్నారు. మన జాతిలో మనిషిని చివరికి కొలిచేది ఆ నలుగురితోనే కదా, ఎంత కారున్నవాడైనా.

ఆ తర్వాత బండిలో ఎక్కేవాళ్లు తగ్గారు. అప్ప కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లింది. పిల్లలు ఎవరి దారిన వాళ్లు. ఇద్దరం మిగిలాం. ఇద్దరికి ఎనిమిది సీట్ల బండి తిప్పుతుంటే ఖాళీ గిన్నెల మోతలా వెనక సీట్లు దడదడలాడేవి. 2018లో కూర్మన్నపాలెం కుర్రాడొకడు టిఫిన్ బండి పెట్టుకుంటానంటే ఇచ్చేశాను. డబ్బులు మూడు వాయిదాల్లో ఇస్తానన్నాడు, రెండు ఇచ్చాడు. మూడోది నేను అడగలేదు. దానమని కాదు, అడగడానికి వెళ్లినప్పుడల్లా ఇడ్లీ పెట్టి డబ్బులు తీసుకోడు.

కిందటి కార్తీకమాసంలో పొద్దున్నే అటు వెళ్లాను. వెనక డోరు ఎత్తి ఉంది, దాని నీడలో గ్యాసు పొయ్యి, ఇడ్లీ పాత్ర. పక్క తలుపు తీసి ఉంది. సీట్లు లేవు, లోపలంతా పిండి డబ్బాలు, కొబ్బరికాయలు. నేల అంచున కాళ్లు బయటికి వేలాడేసుకుని కుర్రాడి నాయనమ్మ కాబోలు, ఒక ముసలావిడ అల్లం గీకుతోంది. ఒళ్లో గిన్నె. దారిన పోయే ఎవరినో పేరు పెట్టి పిలిచి ఏదో అడుగుతోంది.

నేను పక్కనే నిలబడి తలుపు వంకే చూస్తున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, గిన్నె ఎత్తి పట్టుకుని కొంచెం పక్కకి జరిగింది.

"కూకో బాబూ. నిలబడి ఏటి తింతావు."

కూర్చున్నాను. నా మోకాళ్లకి ఇప్పుడు ఆ ఎత్తు సరిపోయింది. కుర్రాడు ప్లేటు తెచ్చి చేతిలో పెట్టాడు. అల్లం చట్నీ కారంగా ఉంది.